తెలిసే ఆడాడా?

“తెలిసే ఆడాడమ్మా. చేతులు కట్టేసి ఎవరూ గ్రౌండ్‌లోకి దింపలేదు కదా” అన్నారు అంకుల్, పులిహోర ప్లేటు పక్కకి జరుపుతూ.

మొన్న శనివారం, పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్ గుడి క్యాంటీన్‌లో. నేను అడిగింది మైక్ వెబ్‌స్టర్ గురించి, తలకి దెబ్బలు తిని తిని మెదడు చెడిన ఈ ఊరి పాత ఫుట్‌బాల్ ఆటగాడు. అడగాల్సి వచ్చింది మావాడి వల్ల. వాడు ఈ ఏడు తొమ్మిదో క్లాసు, స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతానని పట్టుబట్టి కూర్చున్నాడు. (“ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదేనా” అని మా అమ్మ ఫోన్లో అడిగింది. కాదమ్మా, చేత్తో పట్టుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడే ఆట అన్నాను. “మరి ఫుట్‌బాల్ అనడం దేనికి” అంది. నా దగ్గర జవాబు లేదు.)

స్కూల్ వాళ్లు ఒక కాగితాల కట్ట ఇచ్చారు. అందులో ఒక పేజీ మొత్తం తలకి తగిలే దెబ్బల గురించే. పెన్సిల్వేనియాలో 2011లో వచ్చిన చట్టం ప్రకారం ఆడే పిల్లాడూ, తల్లో తండ్రో, ఇద్దరూ ఏటా సంతకం పెట్టాలి. పేజీ నిండా ఉన్నదంతా చదివితే చివరికి తేలేది ఒక్క ముక్క: ఈ ఆటలో కంకషన్ (తలదెబ్బకి మెదడు అదరడం) వచ్చే ప్రమాదం ఉందని, తగిలాక కూడా ఆడితే ఏమవుతుందో నాకు తెలుసని. పెన్ను తీసుకున్నదాన్ని ఆ “తెలుసు” దగ్గర ఆగిపోయాను. నాకేం తెలుసు? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేదాన్ని. అప్పటి నుంచి రాత్రుళ్లు కూర్చుని చదవడం మొదలుపెట్టాను, ఎటునుంచి మొదలుపెట్టినా దారి వెబ్‌స్టర్ దగ్గరికే వచ్చి ఆగింది.

అంకుల్‌ని అడగడానికి ఇంకో కారణం ఉంది. ఆయన ఈ ఊరొచ్చింది 1970ల్లో. పిట్స్‌బర్గ్‌లో మన వెంకటేశ్వరస్వామి గుడి లేచిందీ, ఇక్కడి ఫుట్‌బాల్ టీమ్ స్టీలర్స్ పేరు మోగిందీ దాదాపు ఒకే కాలంలో. 1974 నుంచి 1979 దాకా ఆరు సీజన్లు, గెలిచినవి నాలుగు సూపర్‌బౌల్‌లు, అంటే ఏడాది చివరి ఫైనల్స్. అప్పట్లో త్రీ రివర్స్ స్టేడియంలో కూర్చుని వెబ్‌స్టర్ ఆడగా చూసిన మనవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారో తెలియదు, నాకు తెలిసిన ఒక్కరు ఈయనే. “మేం రెండు స్వెట్టర్లు, దానిపైన కోటు వేసుకుని వణుకుతుంటే ఆ మనిషి పొట్టి చేతుల జెర్సీతో దిగేవాడమ్మా. ఇదిగో, ఇక్కడిదాకా మడిచేవాడు” అని తన జబ్బ మీద చెయ్యి పెట్టి చూపించారు. ఎనభై దాటిన మనిషి కళ్లు మెరిశాయి. ఆ మెరుపు చూశాక ఆయనతో వాదించబుద్ధి కాలేదు. వాదన ఇక్కడ రాసుకుంటున్నాను.

కెమెరా చూడని చోటు

వెబ్‌స్టర్ విస్కాన్సిన్ మనిషి, బంగాళాదుంపలు పండించే కుటుంబం. టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1974లో, అయిదో రౌండులో, 125వ వాడిగా తీసుకున్నారు. సెంటర్‌గా ఆడటానికి ఒళ్లు చాలదని అప్పట్లో అందరి అభిప్రాయం. అదే డ్రాఫ్ట్‌లో స్టీలర్స్ తీసుకున్న లిన్ స్వాన్, జాక్ లాంబర్ట్, జాన్ స్టాల్‌వర్త్, వీళ్లతో కలిపి నలుగురూ మేటి ఆటగాళ్లకిచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. వెబ్‌స్టర్ ఇక్కడ 15 సీజన్లు, ఆ తర్వాత కాన్సాస్ సిటీకి 2 సీజన్లు, మొత్తం 245 మ్యాచ్‌లు ఆడాడు. 1986లో మోచెయ్యి జారేదాకా పదేళ్లకి పైగా ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు. ఐరన్ మైక్ అన్నారు. ఆ 52 నంబర్ జెర్సీ ఈ టీమ్‌లో మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.

ఆయన ఆడింది సెంటర్‌గా. వంగి, బంతిని కాళ్ల మధ్య నుంచి వెనకున్న క్వార్టర్‌బ్యాక్‌కి అందించాలి, చెయ్యి ఖాళీ అయ్యేలోపే ఎదుటివాడు వచ్చి మీద పడతాడు, వాణ్ణి తలతో, భుజాలతో ఆపాలి. ఆ రోజుల్లో అరచేత్తో హెల్మెట్ మీద చెంపదెబ్బలా కొట్టడం కూడా చెల్లేది, 1977లో గానీ దాన్ని నిషేధించలేదు. బంతి చేతులు మారగానే కెమెరా బంతితో వెళ్లిపోతుంది. సెంటర్ తల ఏమైందో ఇంట్లో టీవీ చూసేవాళ్లకి కనపడదు. మ్యాచ్‌కి యాభై సార్లు అనుకుని లెక్క వేసినా ఆయన కెరీర్‌లో అలాంటి గుద్దులు పదివేలు దాటతాయి, ప్రాక్టీస్‌లో తిన్నవి కాకుండా. ఒక్కోటీ చూస్తే చిన్నదే. ఎవరూ స్పృహ తప్పరు, స్ట్రెచర్ రాదు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేదేమంటే, అసలు చిక్కు ఆ చిన్నవాటి మొత్తంలోనే ఉందని.

రిటైరయ్యాక పదేళ్లలో ఆ మనిషి ఏమయ్యాడో రాయాలంటే కష్టంగా ఉంది. సంసారం చెదిరింది, డబ్బు పోయింది. పికప్ ట్రక్కులో పడుకునేవాడు, ఒక్కోసారి రైల్వే స్టేషన్లో. ఊడిన పళ్లని జిగురుతో అంటించుకునేవాడు. ఒళ్లు నొప్పులతో నిద్ర పట్టక, కరెంటు షాకిచ్చే టేజర్‌తో తనకి తనే షాక్ ఇచ్చుకుని సొమ్మసిల్లేవాడట. 1999లో రిటాలిన్ అనే ఏకాగ్రత మందు కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాశాడని అరెస్టయ్యాడు. 1997లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద ఆయన ప్రసంగం ఎటు మొదలై ఎటు పోయిందో వినేవాళ్లకి అంతు చిక్కలేదు. అదే వేదిక మీద ఆయన పాత క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా సరదాగా ఆయన వెనక నిలబడి చివరిసారి బంతి అందుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. ఆ వీడియో నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి ఆ బంతి ఒక్కటీ ఎంత తడబడకుండా ఇచ్చాడో చూశాను. మాట తప్పిపోయింది గానీ చెయ్యి మర్చిపోలేదు.

2002 సెప్టెంబర్ 24న పోయాడు. యాభై ఏళ్లు. మా ఆయనకి వచ్చే మార్చికి యాభై.

తెలిసింది ఎవరికి?

ఇక అంకుల్ మాట. తెలిసే ఆడాడు.

మోకాళ్లు పోతాయని తెలుసు, కాదనను. వేళ్లు వంకర్లు పోతాయని, నడుం పట్టేస్తుందని తెలుసు. ఆ పాత ఫొటోల్లో ఆయన చేతులు చూస్తేనే తెలుస్తుంది, ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుంది. దానికి ఒప్పుకునే ఆడాడు, దానికే జీతం. కానీ మెదడు సంగతి ఆయనకి తెలుసా? బాక్సర్లకి తలదెబ్బల వల్ల మతి చలిస్తుందని 1928లోనే ఒక డాక్టర్ రాశాడు, అది వేరే సంగతి. హెల్మెట్ పెట్టుకుని ఆడే ఫుట్‌బాల్ ఆటగాడికి అదే జరుగుతుందని ఆయన ఆడిన 17 ఏళ్లలో టీమ్ డాక్టర్ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పిన దాఖలా నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

పోనీ, ఎవరికీ తెలియదు, అందరూ అమాయకులే అనుకుందాం. నన్ను కూర్చోనివ్వనిది ఇదిగో, ఈ భాగం. వెబ్‌స్టర్ ఆటగాళ్ల పెన్షన్ బోర్డుకి వైకల్యం కింద దరఖాస్తు పెట్టాడు. ఆయన తరఫు డాక్టర్లు నలుగురు చూశారు. బోర్డు నమ్మక తనే ఇంకో డాక్టర్ దగ్గరికి పంపింది. ఆ డాక్టరూ అదే అన్నాడు. 1999లో బోర్డు ఒప్పుకుంది, ఈయన పూర్తిగా, శాశ్వతంగా పనికి రాని స్థితిలో ఉన్నాడని. ఆ తర్వాత ఆయన లాయర్‌కి రాసిన ఉత్తరంలో, ఫుట్‌బాల్ ఆటగాడిగా తిన్న తలదెబ్బలే ఈ వైకల్యానికి కారణమని డాక్టర్ల నివేదికలు చెబుతున్నాయని కాగితం మీద పెట్టింది. ఒప్పుకుని కూడా తక్కువ డబ్బు వచ్చే తరగతిలో వేసింది, ఆ తేడా కోసం ఆయన పోయాక కుటుంబం కోర్టుకెక్కి 2006లో అప్పీల్ కోర్టులో కూడా గెలిచింది. పదిహేను లక్షల డాలర్ల పైచిలుకు. ఆయన చేతికి ఒక్కటీ అందలేదు.

అదే కాలంలో ఈ టీమ్‌లన్నీ ఆడే లీగ్, ఎన్‌ఎఫ్‌ఎల్, 1994లో వేసిన తలదెబ్బల కమిటీ ఏం చేస్తోంది? అధ్యక్షుడు ఒక కీళ్ల జబ్బుల డాక్టర్ (ఇది నేను కల్పించింది కాదు), ఎలియట్ పెల్‌మన్. ప్రొఫెషనల్ ఆటగాళ్లలో పదే పదే కంకషన్లు తగిలినా దీర్ఘకాలం మిగిలే నష్టానికి ఆధారం కనపడలేదని కమిటీ పేపర్ మీద పేపర్ అచ్చేసింది. దెబ్బ తగిలినవాణ్ణి అదే మ్యాచ్‌లో మళ్లీ దింపినా పెద్ద ప్రమాదం లేదని కూడా రాసింది.

లీగ్ తరఫు జవాబు తెలుసు. పెన్షన్ బోర్డు వేరు, లీగ్ వేరు అంటారు. బోర్డులో ముగ్గురు యజమానుల వైపు, ముగ్గురు ఆటగాళ్ల యూనియన్ వైపు. చట్టం ముందు అది నిజమే, వేరే సంస్థే. కానీ ఆరుగురిలో ముగ్గురు మీవాళ్లే కదా. మనలో చాలామంది చూసే ఉంటాం, ఆఫీసులో ఒక టేబుల్ మీద ఒప్పుకున్న సంగతి పక్క టేబుల్ మీద లేనట్టే ఉంటుంది. రెండు టేబుళ్ల మధ్య కాగితం కదలదు. కదిలితే డబ్బు కదలాలి కాబట్టి. ఇంకో మాట, యూనియన్ ముగ్గురూ అదే గదిలో కూర్చున్నారు. వాళ్లని ఎవరూ అడగరెందుకో.

కాబట్టి వెబ్‌స్టర్ గురించి “తెలిసే ఆడాడు” అన్న మాట నేను ఒప్పుకోను. తెలుసుకోవాల్సినవాడు ఆడుతున్నంతకాలం ఆ మాట చెప్పినవాళ్లు లేరు, తీరా కాగితం మీదికి ఎక్కేసరికి చదివి అర్థం చేసుకోవాల్సిన మెదడు మిగల్లేదు. చివరి ఏళ్లలో ఆయన తెల్లవార్లూ కూర్చుని వేల పేజీల ఉత్తరాలు రాసేవాడట. వాక్యాలు ఎక్కడికక్కడ తెగిపోయి ఉంటాయి.

ఫైల్ మూసేసి ఉంటే

ఆయన పోయింది గుండెపోటుతో. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఫుట్‌బాల్ చంపిందని అనేవాళ్లు ఇక్కడ కొంచెం తొందరపడతారు, నేనూ పడ్డాను. మరణ కారణం గుండె. మరణ కారణాలు తేల్చే కోరోనర్ ఆఫీసులో ఆ రోజు డ్యూటీలో ఉన్నది బెనెట్ ఒమాలూ, నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్. ఫుట్‌బాల్ అంటే ఆయనకి పెద్దగా తెలియదు. మెదడు బయటికి తీసి చూస్తే మామూలుగానే ఉంది. ముడుచుకుపోలేదు, గాయం లేదు. అక్కడితో ఫైల్ మూసేయొచ్చు. గుండెపోటు కేసులో మెదడుతో పనేముంది? ఆయన మూయలేదు. భద్రపరిచి, సొంత డబ్బుతో స్లైడ్లు చేయించి మైక్రోస్కోప్ కింద పెడితే, ఉండకూడని చోట్ల టావ్ అనే ప్రొటీన్ ముద్దలు కనిపించాయి. పదే పదే తలదెబ్బలు తిన్నవాళ్ల మెదడుకి వచ్చే జబ్బు అది, సీటీఈ అంటారు. 2005లో ‘న్యూరోసర్జరీ’ పత్రికలో రాశాడు. కమిటీలో ముగ్గురు డాక్టర్లు ఆ పేపర్ వెనక్కి తీసుకోవాలని పత్రికకి రాశారు. పత్రిక తీసుకోలేదు.

ఈ ఊరి టీమ్, ఈ ఊరి మనిషి, ఈ ఊరి మార్చురీ. ఫుట్‌బాల్ ప్రాణంగా పెరిగిన డాక్టర్ ఎవరైనా ఆ రోజు బల్ల దగ్గర నిలబడి ఉంటే ఐరన్ మైక్ మెదడు కోసే ధైర్యం చేసేవాడా అని నాకు అనుమానం. చేసేవాడేమో. ఎవరికి తెలుసు.

మా ఆయన ఇంజినీరు, అంకెలు లేకుండా మాట్లాడడు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు చూసిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందికి ఆ జబ్బు, సీటీఈ, కనిపించిందని నేను చదివి వినిపిస్తే, “ఆ మెదళ్లు ఎవరిచ్చారు” అన్నాడు. లక్షణాలు చూసి భయపడ్డ కుటుంబాలే ఎక్కువగా ఇస్తాయి కదా, అందరి మీదా లెక్క కట్టడం కుదరదు అన్నాడు. నిజమే, ఆ పరిశోధకులు కూడా అదే మాట చెప్పుకున్నారు. బతికుండగా ఈ జబ్బుని ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. 17 సీజన్లు ఆడినవాడికీ, హైస్కూల్లో నాలుగేళ్లు ఆడి మానేసేవాడికీ ఒకటే లెక్కా అన్నాడు. కాదు. ఆ మాట కూడా ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక కూడా మనసు కుదుటపడలేదంటే అది నా తప్పా, లెక్క తప్పా?

మావాడి వాదన ఇంకా సూటిగా ఉంది. “రెండేళ్లలో నాకు కారు ఇస్తానన్నారు. టర్న్‌పైక్ మీద డ్రైవింగ్ సేఫా? సాకర్ ఆడమంటారు, అందులో తలతో కొట్టరా?” ఇక్కడి సాకర్‌లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు తలతో కొట్టకూడదని 2015లోనే నిర్ణయించారని చెప్పాను. “అంటే నా వయసుకి ఓకే అన్నమాట” అన్నాడు. వీణ్ణి డిబేట్ క్లబ్‌లో చేర్పించింది నేనే.

ఒక తేడా మాత్రం నాకు కనపడుతోంది, వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. కారు నడపడంలో గుద్దుకోవడం ప్రమాదం. సాకర్‌లో తలకి తగలడం ఆటలో ఒక ముక్క. ఫుట్‌బాల్‌లో సెంటర్‌లా ముందు లైన్‌లో ఆడేవాడికి గుద్దుకోవడమే పని, బాగా గుద్దితేనే భేష్ అంటారు.

జనవరి 2, 2023 రాత్రి సిన్సినాటిలో డమార్ హామ్లిన్ కుప్పకూలిన మ్యాచ్ మా ఇంట్లో అందరం చూశాం. హామ్లిన్ మా పక్కనే మెకీస్ రాక్స్ కుర్రాడు, ఇక్కడి యూనివర్సిటీలోనే ఆడాడు. గుండె ఆగింది, గ్రౌండ్ మీదే సీపీఆర్ చేశారు, మ్యాచ్ ఆపేశారు, దేశమంతా ప్రార్థనలు. ఆయన బతికాడు, మళ్లీ ఆడాడు కూడా. ఆ రాత్రి లీగ్‌ని నేను మెచ్చుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, అది అందరికీ కనపడింది కాబట్టి ఆపారు. వెబ్‌స్టర్ కూలడానికి పదిహేనేళ్లకి పైగా పట్టింది, అందులో ఏ ఆదివారం ఆపాలో ఎవరికి తెలుస్తుంది?

మా మాటేమిటి?

సంక్రాంతికి మా ఊళ్లో బండలాగుడు పందేలు పెట్టేవాళ్లు. ఒంగోలు గిత్తలు, నురగలు కక్కుతూ. మేం పిల్లలం తాడు ఇవతల నిలబడి ఈలలు. పందెం అయ్యాక మా తాతయ్య గిత్తల దగ్గరికి వెళ్లి కాడి కింద మెడ తడిమి చూసేవాడు, గెలిచినా ఓడినా. ఒకసారి మేం గెలిచామని గంతులేస్తుంటే “ఎద్దు పుండు కాకికి నొప్పా” అని విసుక్కున్నాడు, అప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం స్టీలర్స్ అభిమానులందరిలా పసుప్పచ్చ టవల్ ఊపేదాన్ని నేనూ. ఆ టెర్రిబుల్ టవల్ హక్కుల మీద వచ్చే డబ్బు 1996 నుంచి మేధో వైకల్యం ఉన్నవాళ్లని చూసుకునే ఒక సంస్థకి పోతోంది, మంచి పనే. ట్రక్కులో పడుకున్న సెంటర్ అదే ఏళ్లలో అదే ఊళ్లో ఉన్నాడన్నది పక్కన పెడితే.

ఇప్పటివాళ్ల సంగతి వేరు, అదీ చెప్పాలి. 2016లో లీగ్ ఆరోగ్య విభాగం అధికారే అమెరికా కాంగ్రెస్ ముందు ఫుట్‌బాల్‌కీ సీటీఈకీ సంబంధం ఉందని ఒప్పుకున్నాడు. 2011 ఒప్పందంలోనే సీజన్‌లో గుద్దుకునే ప్రాక్టీసులు 14కి తగ్గించారు. ఇవాళ ఇరవై రెండేళ్లవాడు అన్నీ చదివి, కోట్ల డాలర్లు చూసి, అయినా ఆడతానంటే అతని విషయంలో అంకుల్ మాట నిజమే. తెలిసే ఆడుతున్నాడు. ఆడనివ్వాలి. ఈ ఒక్క చోట నా వాదన బలహీనపడుతుంది, తెలుసు. కానీ పద్నాలుగేళ్లవాడికి? వాడికి తెలియదు కాబట్టే కదా నా సంతకం అడుగుతున్నారు. ఇచ్చిన సమాచారం అంతా నా చేతిలో పెట్టి, సంతకం తీసుకుని, రేపు ఏమన్నా అయితే “మీకు తెలుసు కదమ్మా” అనడానికి ఆ కాగితం. ఒకప్పుడు ఫైల్లో దాచారు, ఇప్పుడు ఫారంలో ఇస్తున్నారు. దాచడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం, అయినా బరువు మాత్రం ఎటు జరిగిందో చూడండి.

అంకుల్ ఆ రోజు లేస్తూ ఒక మాటన్నారు. వెబ్‌స్టర్ చనిపోయిన వార్త పేపర్లో చూసి, కాసేపు ఆ పేజీ తిప్పలేకపోయారట. “పాపం, మాకు తెలియదమ్మా” అన్నారు. మొదట అన్నదానికి ఇది సరిగ్గా ఎదురని ఆయన గమనించలేదు. నేను గుర్తు చేయలేదు. చేతికర్ర అందించాను.

ఫారం శుక్రవారం లోపు ఇవ్వాలి. దాని మీద రెండు గీతలున్నాయి, ఒకటి వాడిది, ఒకటి నాది. రాత్రి చూస్తే వాడు తన గీత మీద సంతకం పెట్టేసి ఉన్నాడు. మొదటిసారి పెట్టిన సంతకమేమో, ఇంటిపేరు పూర్తిగా రాసి, పట్టక చివరి రెండక్షరాలు పైకి ఎక్కించాడు.